మళ్లీ వాడే రాకెట్ బూస్టర్: కాళ్లు గీసే ముందు తేల్చుకోవాల్సినవి

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లలు ఏటా ఒకటి రెండు బ్యాచులైనా "సార్, రీయూజబుల్ రాకెట్ మీద ప్రాజెక్ట్ చేస్తాం" అంటూ నా దగ్గరికి వస్తారు. వచ్చిన ప్రతి బ్యాచూ మొదటి పేజీలోనే సిలిండరు గీసి, కింద నాలుగు కాళ్లు పెట్టుకుని వస్తుంది. వీడియోల్లో కనపడేది అదే కాబట్టి తప్పు వాళ్లది కాదు. కానీ కాళ్లా, పారాచూటా, రెక్కలా అన్నది ఆఖర్న తేలే విషయం. అంతకు ముందు తేలాల్సినవి మూడున్నాయి: ఏడాదికి ఎన్నిసార్లు ఎగురుతుంది, బూస్టర్ (రాకెట్‌ని మొదట పైకెత్తి మధ్యలో విడిపోయే కింది భాగం) ఏ వేగం దగ్గర విడిపోతుంది, కింద ఎన్ని ఇంజిన్లున్నాయి. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఎలా దించాలన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది. అందుకే ఈ పోలికను ఆ వరసలోనే పెడుతున్నాను.

ముందు డబ్బు లెక్క

అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9 తయారీ ఖర్చులో బూస్టర్ వాటా దాదాపు 60 శాతం, పై స్టేజ్ (పై భాగం) 20, ముక్కు మీది తొడుగు 10 శాతం అని 2020లో ఆ కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్ చెప్పాడు. సగానికి పైగా డబ్బు సముద్రంలో కలుస్తుంటే వెనక్కి తెచ్చుకోవడమే లాభం అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది, కాగితం మీద లెక్క వేసుకునే దాకా.

సులువుగా ఉండటానికి ఉత్తుత్తి అంకెలు తీసుకుందాం. బూస్టర్ 200 కోట్లు, మిగతా రాకెట్టూ ప్రయోగ ఖర్చూ కలిపి 130 కోట్లు. ఒకసారి వాడి పారేస్తే 10 టన్నులు మోస్తుంది, అంటే టన్నుకి 33 కోట్లు. అదే బూస్టర్ని వెనక్కి తెచ్చేలా చేస్తే, దిగడానికి ఇంధనం మిగుల్చుకోవాలి, కాళ్లూ ఫిన్లూ (దిశ సరిచేసే చిన్న రెక్కలు) మోసుకుపోవాలి కాబట్టి మోసేది 7 టన్నులకి పడిపోయిందనుకోండి. తిరిగొచ్చిన ప్రతిసారీ సర్వీసింగ్‌కి 20 కోట్లు. ఒక్కసారే ఎగిరితే టన్నుకి 47 కోట్లు, రెండుసార్లు ఎగిరితే సగటున 34, మూడోసారికి 30. మూడో ప్రయాణానికి గెలిచాం.

ఇప్పుడు ఒక్క అంకె మార్చండి. సర్వీసింగ్ 20 కోట్లు కాదు, 100 కోట్లు. మూడుసార్లు ఎగిరితే టన్నుకి దాదాపు 38. పదిసార్లు ఎగిరినా 34. వందసార్లు ఎగిరినా 33 దగ్గరే ఆగిపోతుంది, అంటే పారేసే రాకెట్‌తో సమానం, ఇంత కష్టమూ వృథా. బూస్టర్ ఎన్నిసార్లు తిరిగొచ్చిందన్న దానికంటే, వచ్చాక దానికి అయ్యేది సర్వీసింగా లేక ఇంజిన్ బోర్‌కొచ్చిన బండికి చేసే పనా అన్నదే అసలు ప్రశ్న.

స్పేస్ షటిల్ ఘన ఇంధన బూస్టర్లది ఈ రెండో రకం కథే. ఒక్కోటీ నింపితే 590 టన్నుల దాకా ఉండేది, ఖాళీ అయ్యాక మూడు పెద్ద పారాచూట్లతో అట్లాంటిక్‌లో పడేది. లిబర్టీ స్టార్, ఫ్రీడమ్ స్టార్ అనే రెండు ఓడలు వెళ్లేవి, డైవర్లు నీళ్లలోకి దిగి నాజిల్‌కి బిరడా పెట్టి, లోపలి నీళ్లు గాలితో తోసేసి, బూస్టర్ని అడ్డంగా తేల్చి ఈడ్చుకొచ్చేవాళ్లు. తర్వాత ఉప్పు కడగాలి, విడదీయాలి, ఒక్కో ఉక్కు ముక్కనీ పరీక్షించాలి, మళ్లీ ఇంధనం పోయించడానికి రైల్లో యూటాకి పంపాలి. ఆ బూస్టర్లు మళ్లీ వాడినవే, అందులో అబద్ధం లేదు. కానీ అవి ఖాళీ ఉక్కు గొట్టాలు. ఖరీదైన పని మొత్తం ప్రతిసారీ కొత్తగానే చేశారు. వాటి ముక్కల్నే వాడుతున్న తన పెద్ద రాకెట్ ఎస్ఎల్ఎస్‌లో బూస్టర్లని ఇప్పుడు నాసా వెనక్కి తెచ్చుకోవడమే మానేసింది.

ఎన్నిసార్లు ఎగిరితే గిట్టుబాటు అన్న దాని మీద పెద్దవాళ్లే కొట్టుకున్నారు. అమెరికా రాకెట్ కంపెనీ యునైటెడ్ లాంచ్ అలయన్స్ వాళ్ల లెక్క సగటున పది ప్రయాణాలు, మస్క్ లెక్క రెండు మూడు. ఇద్దరూ తప్పు చెప్పారని నేననుకోను, ఇద్దరూ వేర్వేరు అంకెలు పెట్టుకున్నారు. ఇంకో మెలిక కూడా ఉంది. పైన నేను టన్ను చొప్పున లెక్క వేశాను గానీ, ఉపగ్రహాలు కందిపప్పులా కిలోల్లెక్కన రావు. మీ ఉపగ్రహం 6 టన్నులైతే 10 టన్నుల రాకెట్టూ దాన్నే మోస్తుంది, 7 టన్నుల రాకెట్టూ దాన్నే మోస్తుంది, అప్పుడు ఆ 3 టన్నుల నష్టం కాగితం మీదే. రాకెట్‌ని అవసరానికి మించి కొంచెం పెద్దగా కట్టుకుంటే వెనక్కి తేవడానికయ్యే జరిమానా చాలా ప్రయోగాల్లో అసలు కనపడదు. పోలికలు రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ విషయాన్నే.

ఇక ఏడాదికి ఎన్ని ప్రయోగాలు అన్నది. ఓడలు, దిగే స్థలం, సిబ్బంది, షెడ్లు, వీటి ఖర్చు మీరు ఎగిరినా ఎగరకపోయినా పడుతుంది. పై ఉదాహరణలోనే, సర్వీసింగ్ 20 కోట్లే ఉంచి, బూస్టర్ పదిసార్లు ఎగురుతుందనుకుని, ఈ స్థిర ఖర్చు ఏడాదికి 200 కోట్లు కలపండి. ఏడాదికి రెండే ప్రయోగాలైతే టన్నుకి 38 కోట్లు, నాలుగైతే 31, నలభై అయితే 25 లోపు. రెండింటికి నష్టం, నాలుగింటికి మిగిలేది కొద్దే, నలభైకి పండగ. 2018లో యూరప్ రాకెట్లు కట్టే ఏరియన్ గ్రూప్ అధిపతి అన్నదీ ఇదే ధోరణిలో ఉంది: ఒక్కో రాకెట్ పదిసార్లు ఎగిరితే మా ఫ్యాక్టరీ ఏడాదికి ఒక్కటి కడితే చాలు, మిగతా రోజులు పనివాళ్లకి ఏం చెప్పను అని. అప్పట్లో అందరూ నవ్వారు గానీ, చేతిలో ఉన్న ఆర్డర్లని బట్టి చూస్తే ఆయన లెక్క తప్పు కాదు, ఆర్డర్లు అంతకు మించి పెరగవు అనుకోవడం తప్పు. స్పేస్‌ఎక్స్ 2024లో 134 ఫాల్కన్ ప్రయోగాలు చేసింది, అందులో దాదాపు మూడింట రెండు వంతులు సొంత స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలే. బస్సులు కొన్నాక ప్రయాణికుల కోసం ఊరే కట్టుకున్నట్టు.

కాబట్టి మొదటి సలహా సూటిగా: ఏడాదికి నాలుగైదు ప్రయోగాలు దాటవని మీకు తెలిసిపోతే, మళ్లీ వాడే బూస్టర్ జోలికి పోకండి, పారేసే రాకెట్‌నే చవగ్గా కట్టే దారి చూడండి. చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు, అంతే.

ఎక్కడ విడిపోవాలి

కక్ష్యలోకి వెళ్లడానికి గంటకి 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. అందులో బూస్టర్ ఎంత ఇవ్వాలి, పై స్టేజ్ ఎంత ఇవ్వాలి అన్నది పంపకం. పారేసే రాకెట్‌లో ఈ పంపకానికి స్వేచ్ఛ ఎక్కువ. ఏరియన్ 5 మధ్య స్టేజ్ దాదాపు కక్ష్య అంచు దాకా వెళ్లి అప్పుడు విడిపోయేది, అంత వేగంలో ఉన్నదాన్ని వెనక్కి తేవాలంటే నిండా వేడికవచం తొడగాలి, అయ్యే పని కాదు. ఫాల్కన్ 9 బూస్టర్ సముద్రంలో ఓడ మీద దిగేటప్పుడు గంటకి సుమారు 8,000 కిలోమీటర్ల దగ్గర విడిపోతుంది, ఒడ్డుకే తిరిగి రావాలంటే ఇంకా ముందే, 6,000 దగ్గర. అంత తక్కువ వేగంలో విడిపోతుంది కాబట్టే అల్యూమినియం ఒంటితో బతికి బయటపడుతోంది, అదీ గాలి చిక్కబడే ముందు మూడు ఇంజిన్లు కాసేపు మండించి వేగం తగ్గించుకుని, తన మంటనే కవచంగా పెట్టుకుని.

దీనికి మూల్యం పై స్టేజ్ చెల్లిస్తుంది. మిగిలిన వేగమంతా అదే ఇవ్వాలి కాబట్టి పెద్దది కావాలి, బలమైన ఇంజిన్ కావాలి. ఇక్కడో ఊరట ఉంది. పై స్టేజ్‌లో ఒక కిలో బరువు పెరిగితే పేలోడ్‌లో (మోసుకెళ్లే సరుకులో) ఒక కిలో పోతుంది, బూస్టర్‌లో అయితే ఐదు నుంచి పది కిలోలు పెరిగితే గానీ పేలోడ్‌లో ఒక కిలో పోదు. ఫాల్కన్ 9 కాళ్లు నాలుగూ కలిపి రెండు టన్నుల దాకా ఉంటాయి, ఆ లెక్కన పేలోడ్‌లో పోయేది రెండొందల నుంచి నాలుగొందల కిలోలే. అసలు దెబ్బ కొట్టేది కాళ్లు కాదు, దిగడానికి మిగుల్చుకునే ఇంధనం. భూస్థిర బదిలీ కక్ష్యకి (భూమితో పాటే తిరిగే ఉపగ్రహాలు ముందు చేరే కక్ష్య) ఫాల్కన్ 9 పారేస్తే 8.3 టన్నులు, వెనక్కి తెచ్చుకుంటే 5.5 టన్నులు, మూడో వంతు కోత.

అందుకే ఉన్న రాకెట్‌కి కాళ్లు తగిలించి రీయూజ్ చేద్దాం అనే ప్రతిపాదన వింటే నాకు భయం. విడిపోయే వేగం మారితే రెండు స్టేజీల సైజులూ మారిపోతాయి. అది పాత ఇంటికి మరమ్మతు కాదు, పునాది తవ్వి మళ్లీ కట్టడం.

ఎన్ని ఇంజిన్లు

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కాస్త ఓపిక పట్టండి.

ఫాల్కన్ 9 అడుగున తొమ్మిది మెర్లిన్ ఇంజిన్లున్నాయి. ఒక్కోటీ నేల మట్టంలో 845 కిలోన్యూటన్లు, అంటే 86 టన్నుల బరువుని ఎత్తేంత తోపు. ఎగిరేటప్పుడు రాకెట్ బరువు 550 టన్నులు, తొమ్మిదీ కావాలి. దిగేటప్పుడు దాదాపు ఖాళీ డబ్బా, 25 టన్నుల చుట్టుపక్కల. ఒక్క ఇంజిన్ చాలు, అదీ ఎక్కువే. ఆ ఇంజిన్‌ని బాగా తగ్గించి, నలభై శాతానికి తెచ్చినా 34 టన్నుల తోపు ఉంటుంది. ఉన్న బరువు 25, అతి తక్కువ తోపు 34. అంటే ఈ బూస్టర్ గాల్లో నిలబడలేదు. ఇంజిన్ వెలిగితే వేగం తగ్గుతుంది, సున్నా అవుతుంది, ఆపకపోతే మళ్లీ పైకి లేస్తుంది.

గట్టిగా పడే బ్రేకు ఒక్కటే ఉన్న బండి ఊహించుకోండి, మెల్లగా నొక్కే వీల్లేదు, పైగా గీత కంటే ముందే ఆగితే బండి దానంతటదే వెనక్కి పోతుంది. గీత దగ్గరే ఆగాలి. కాబట్టి వేగం సున్నా అయ్యే క్షణమూ, ఎత్తు సున్నా అయ్యే క్షణమూ ఒకటే కావాలి. సెకనుకి 250 మీటర్ల చొప్పున పడుతుంటే అర సెకను ఆలస్యం అంటే 125 మీటర్లు. ఆ 125 మీటర్లలో సరిచేసుకునే అవకాశం ఇంజిన్ తోపులో కాస్త మిగిలుండాలి, అందుకే ఫుల్ మీద కాకుండా మధ్యలో పెట్టి దించుతారు, ఆలస్యమైతే పెంచుతారు, ముందైతే తగ్గిస్తారు.

ఇప్పుడు అదే పనికి పెద్ద ఇంజిన్లు రెండే ఉన్నాయనుకోండి. యునైటెడ్ లాంచ్ అలయన్స్ వాళ్ల వల్కన్ రాకెట్‌కి అలాగే ఉన్నాయి, బీఈ-4లు రెండు, ఒక్కోటీ దాదాపు 250 టన్నుల తోపు. దాన్ని ఎంత తగ్గించినా ఖాళీ బూస్టర్ని బంతిలా పైకి తన్నేస్తుంది. అందుకే ఆ రాకెట్ వాళ్లు మొత్తం బూస్టర్ని దించే మాట ఎత్తలేదు. ఇంజిన్ల భాగాన్ని మాత్రం కోసి, గాలితో ఉబ్బే వేడికవచం వెనకాల దాచి, పారాచూట్‌తో దించుకుందాం అన్నారు. 2022 నవంబర్‌లో నాసాతో కలిసి ఆరు మీటర్ల కవచాన్ని కక్ష్య నుంచి దించి పరీక్షించారు కూడా. బూస్టర్‌లో ఖరీదంతా ఇంజిన్లదే కాబట్టి ఆలోచన బాగానే ఉంది, కానీ ప్రతిసారీ కొత్త ట్యాంకు కట్టి ఇంజిన్లు బిగించాలి, అది వారంలో అయ్యే పని కాదు.

ఇంకో చివర స్పేస్‌ఎక్స్ పెద్ద రాకెట్ స్టార్‌షిప్ బూస్టర్. 33 రాప్టర్ ఇంజిన్లు, దిగేటప్పుడు పదమూడు వెలిగి, చివరికి మూడే మిగులుతాయి. తోపుని సన్నగా సరిచేసుకోవచ్చు, దాదాపు గాల్లో నిలబడవచ్చు. మరి ఇంజిన్లు ఎక్కువైతే మంచిదేనా అంటే, ఎక్కువ గొట్టాలు, ఎక్కువ వాల్వులు, పరీక్షించాల్సినవి ఎక్కువ, ఒకటి పేలితే పక్కవాటికి ప్రమాదం. ఇంజిన్ని బాగా లోతుగా తగ్గించగలగడం ఇంకో దారి. బ్లూ ఆరిజిన్ కంపెనీ న్యూ షెపర్డ్ రాకెట్‌లోని ఒక్క హైడ్రోజన్ ఇంజిన్ ఐదో వంతు కంటే తక్కువకి తగ్గుతుంది, అందుకే అది లిఫ్టులా మెల్లగా దిగుతుంది, అయితే అది కక్ష్యకి వెళ్లే రాకెట్ కాదు.

నా మట్టుకు నాకు ఏడు నుంచి తొమ్మిది ఇంజిన్లు సరైన చోటు అనిపిస్తుంది. ఫాల్కన్‌కి తొమ్మిది, బ్లూ ఆరిజిన్ న్యూ గ్లెన్‌కి ఏడు, రాకెట్ ల్యాబ్ కంపెనీ చిన్న రాకెట్ ఎలక్ట్రాన్‌కి తొమ్మిది, ఇవన్నీ కాకతాళీయం కాదు. తోపు తగ్గడంతో పాటు గాల్లో మళ్లీ వెలగడం కూడా కావాలి. ఇస్రో 2025 జనవరిలో మహేంద్రగిరిలో వికాస్ ఇంజిన్‌ని వెలిగించి, ఆపి, రెండు నిమిషాలకి మళ్లీ వెలిగించింది. పేపర్లో చిన్న వార్తగా వచ్చింది గానీ ఈ దారిలో మొదటి మెట్టు అదే. ఘన ఇంధన బూస్టర్‌కి ఈ రెండూ లేవు, అంటుకుంటే అయిపోయేదాకా ఆగదు, దీపావళి చిచ్చుబుడ్డి లెక్క. పీఎస్ఎల్వీ మొదటి స్టేజ్, ఎల్వీఎం-3 పక్కన ఉండే ఎస్-200లు ఎంత నమ్మకమైనవైనా ఈ పోటీలోకి రావు.

ఇంధనం, ఒళ్లు

ఇక్కడ ఎక్కువ సేపు ఆగను. కిరోసిన్ చిక్కగా ఉంటుంది కాబట్టి ట్యాంకు చిన్నది, కానీ మసి కట్టి సన్న దారులు పూడుకుంటాయి. హైడ్రోజన్ మసి లేకుండా మండుతుంది, కానీ లీటరు 71 గ్రాములే తూగుతుంది, మైనస్ 253 డిగ్రీల్లో ఉంచాలి, బూస్టర్‌కి ట్యాంకు కొండంత అవుతుంది. మీథేన్ మధ్యలో: మసి చాలా తక్కువ, మైనస్ 162 డిగ్రీలు, పక్కనే ఉండే ద్రవ ఆక్సిజన్ మైనస్ 183, రెండింటికీ మధ్య ఒకే గోడ పెట్టుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మీథేన్ తీసుకోండి, దాని మీద వాదన నాకు కనపడదు. కిరోసిన్ ఇంజిన్ ఇప్పటికే చేతిలో ఉంటే మాత్రం దాన్ని వదలొద్దు, ముప్పైసార్లకి పైగా ఎగిరిన ఫాల్కన్ బూస్టర్ మసితోనే ఎగిరింది.

ఒళ్లు విషయానికొస్తే, అల్యూమినియం తేలిక, వేడికి ఓర్వదు. కార్బన్ ఫైబర్ ఇంకా తేలిక, ఖరీదు, లోపల చిట్లిందా లేదా కంటికి కనపడదు. స్టెయిన్‌లెస్ స్టీల్ బరువు, కానీ వేడికి తట్టుకుంటుంది, వెల్డింగ్ సులువు. స్టార్‌షిప్ బూస్టర్ స్టీలు ఒంటితో దిగుతుంది కాబట్టి ఫాల్కన్‌లా మధ్యలో ఇంజిన్లు మండించి వేగం తగ్గించుకోనక్కర్లేదు, ఆ ఇంధనం మిగిలింది. బరువైన లోహం కొని ఇంధనం ఆదా చేసుకున్నారు, మా పిల్లలకి ఈ ఎదురు లెక్క అర్థం కావడానికి రెండు క్లాసులు పడుతుంది.

ఇప్పుడు దించడం

పారాచూట్ చవక, తేలిక, అందరూ మొదట దాన్నే అనుకుంటారు. స్పేస్‌ఎక్స్ కూడా అనుకుంది. 2010లో మొదటి రెండు ఫాల్కన్ 9 బూస్టర్లలో పారాచూట్లు పెట్టింది, అవి తెరుచుకునేంత కిందికి రాకముందే బూస్టర్లు గాల్లోనే ముక్కలైపోయాయి. పారాచూట్ చివరి రెండు మూడు కిలోమీటర్ల సమస్యకి జవాబు, అంతకు ముందున్న యాభై కిలోమీటర్లకి కాదు. పైగా ఎక్కడ పడుతుందో గాలి చేతిలో ఉంటుంది, పడేది ఉప్పు నీళ్లలో.

చిన్న రాకెట్‌కి మాత్రం వేరే దారి లేదు. ఎలక్ట్రాన్ మోసేదే 300 కిలోలు, దిగడానికి ఇంధనం మిగుల్చుకుంటే మోయడానికి ఏమీ మిగలదు. ఉప్పు నీళ్లు తగలకుండా రాకెట్ ల్యాబ్ వాళ్లు పారాచూట్‌తో వేలాడుతూ వచ్చే బూస్టర్ని హెలికాప్టర్ కొక్కేనికి తగిలించి పట్టుకుందామని చూశారు. 2022 మే నెలలో న్యూజిలాండ్ దగ్గర నిజంగానే పట్టుకున్నారు. కానీ కొక్కేనికి తగిలాక బరువు ఊగే తీరు పరీక్షల్లో చూసినట్టు లేదని పైలట్ కొద్ది సెకన్లలోనే వదిలేశాడు, సముద్రంలో పడింది. పైలట్ ప్రాణం ముందు, సరిగ్గానే చేశాడు. ఇంకోసారి ప్రయత్నించి ఆ పద్ధతే వదిలేసి, నీళ్లలోంచి తీసినవాటినే నీళ్లు చొరబడకుండా చేసుకుని, 2023 ఆగస్టులో అలా తిరిగొచ్చిన ఒక ఇంజిన్‌ని మళ్లీ ఎగరేశారు. ఒక్క ఇంజిన్. తర్వాత వాళ్లు గీసిన పెద్ద రాకెట్ న్యూట్రాన్‌కి పారాచూట్ లేదు, ఇంజిన్లతోనే దిగుతుంది. చేతులు కాల్చుకున్నవాళ్లు ఏం ఎంచుకున్నారో చూడటం కంటే మంచి పోలిక ఏముంటుంది?

రెక్కలు. ఇస్రో 2016 మే 23న శ్రీహరికోట నుంచి రెక్కల వాహనాన్ని ఎగరేసింది, తర్వాత చిత్రదుర్గ దగ్గర చినూక్ హెలికాప్టర్ నుంచి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తులో వదిలి, 2023లో ఒకసారి, 2024లో రెండుసార్లు రన్‌వే మీద చక్కగా దించింది. కక్ష్య నుంచి తిరిగొచ్చే వాహనానికి రెక్కలు అర్థవంతమే. బూస్టర్‌కి అయితే రెక్కలూ, చక్రాలూ, తోకా పైకెళ్లేటప్పుడు ఒట్టి మోత, నిలువునా ఒత్తిడి తట్టుకునే గొట్టం అడ్డంగా వంగే ఒత్తిడికి కూడా తట్టుకోవాలి. సముద్రం మీద వందల కిలోమీటర్లు దాటిపోయాక తిరగాలంటే జెట్ ఇంజిన్ కూడా కావాలి. రష్యా బైకాల్ అనే బూస్టర్ని అలాగే గీసి 2001లో నమూనా ప్రదర్శించింది, అది ఎగరనే లేదు.

మిగిలింది ఇంజిన్ల మీద నిలువుగా దిగడం, అందులో మూడు దార్లు. ఒడ్డుకి తిరిగొచ్చి కాళ్ల మీద దిగితే ఇంధనం బాగా పోతుంది గానీ నేల కదలదు, సాయంత్రానికి షెడ్డులో ఉంటుంది. ఓడ మీద దిగితే ఎక్కువ మోయొచ్చు గానీ ఓడకీ సిబ్బందికీ ఖర్చు, ఒడ్డుకి రావడానికి రోజులు, పైన సముద్రం మూడ్. టవర్ చేతులతో పట్టుకుంటే కాళ్ల బరువే ఉండదు, పట్టుకున్న చోటే మళ్లీ నిలబెట్టొచ్చు. 2024 అక్టోబర్ 13న 71 మీటర్ల బూస్టర్ని టవర్ పట్టుకున్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఒప్పుకుంటాను. కానీ తర్వాతి నెలలోనే టవర్ మీది యాంటెన్నా దెబ్బతినడంతో బూస్టర్ని నీళ్లలోకి మళ్లించాల్సి వచ్చింది. గురి తప్పితే పోయేది బూస్టర్ ఒక్కటే కాదు, లాంచ్ ప్యాడే పోతుంది. ప్యాడ్లు రెండు మూడు ఉన్నవాళ్లకీ, రోజుకో ప్రయోగం చేయాలనుకునేవాళ్లకీ అది. ఒక్క ప్యాడ్ ఉన్నవాళ్లు అటు చూడొద్దు.

కాళ్లు ఎంచుకున్నంత మాత్రాన పని అయిపోదు. ఫాల్కన్ మొదటి ఓడ ప్రయత్నంలో, 2015 జనవరిలో, ఫిన్లు తిప్పే హైడ్రాలిక్ ద్రవం ఆఖర్లో అయిపోయి బూస్టర్ వంకరగా వచ్చి ఓడకి గుద్దుకుంది. ఏప్రిల్‌లో ఒక వాల్వ్ బిగుసుకుని ఆలస్యంగా స్పందించింది, దిగి పక్కకి పడింది. 2016 జనవరిలో చక్కగా దిగింది, దిగాక ఒక కాలు లాక్ పడలేదు, ఎగిరే ముందు పట్టిన మంచు వల్ల కావచ్చన్నారు, ఆ కాలు మెల్లగా మడతపడి మొత్తం వాలిపోయి పేలింది. 2018లో ఫాల్కన్ హెవీ మధ్య బూస్టర్‌కి ఇంజిన్లు వెలిగించే ద్రవం సరిపోలేదు, మూడింట్లో ఒక్కటే వెలిగింది, ఓడ పక్కన నీళ్లలో గుద్దుకుంది. కాళ్ల లోపల తేనెపట్టు లాంటి అల్యూమినియం దిండు ఉంటుంది, గట్టిగా దిగితే అది నలిగి దెబ్బ తీసుకుంటుంది. 2016 మేలో ఒకటి అలా నలిగి, బూస్టర్ ఒక పక్కకి వాలి ఓడ మీద ఊగుతూ ఒడ్డుకి చేరింది. మీ బడ్జెట్‌లో ఇలాంటి నాలుగైదు నష్టాలకి డబ్బు పెట్టుకోకపోతే మొదటి పేలుడుకే ప్రాజెక్ట్ ఆగిపోతుంది. స్పేస్‌ఎక్స్ ఈ పాఠాలన్నీ కస్టమర్ ఉపగ్రహం పైకి వెళ్లిపోయాక, ఎలాగూ పారేయాల్సిన బూస్టర్లతో నేర్చుకుంది. అంతకంటే చవకైన టెస్టింగ్ ఉండదు, దీన్ని కాపీ కొట్టడంలో సిగ్గు పడాల్సిన పనే లేదు.

మరి మన శ్రీహరికోటకి?

2024 సెప్టెంబర్ 18న కేంద్ర కేబినెట్ కొత్త రాకెట్ ఎన్జీఎల్వీకి 8,240 కోట్లు ఇచ్చింది, దిగువ కక్ష్యకి 30 టన్నులు, మొదటి స్టేజ్ మళ్లీ వాడేలా. దాని కోసం శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కి 2025 జనవరిలో దాదాపు 3,985 కోట్లు మంజూరయ్యాయి. మీథేన్ ఇంజిన్లు గుత్తిగా పెట్టే డిజైన్, ఇప్పటిదాకా చెప్పిన లెక్క ప్రకారం సరైన దారే. నాకున్న సందేహం పైన మొదట అడిగిన ప్రశ్నే: ఏడాదికి ఎన్ని? ఇస్రో ప్రయోగాలు ఇప్పటిదాకా ఏడాదికి పది దాటలేదు. అందులో ఈ పెద్ద రాకెట్ వాటా ఎంత ఉంటుందో దాన్ని బట్టే లాభమా నష్టమా అన్నది తేలుతుంది.

దించే చోటు విషయంలో నన్నడిగితే మొదట ఒడ్డు, తర్వాతే ఓడ. బంగాళాఖాతంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్లు, మేలో ఇంకో విడత. సూళ్లూరుపేట వైపు ఉండేవాళ్లకి ప్రయోగం వాయిదా అన్న మాట కొత్త కాదు, దానికి తోడు ఓడ దగ్గర అలల కోసం కూడా ఆగాలంటే క్యాలెండర్‌లో ఖాళీ మిగలదు. బూస్టర్ సముద్రం వైపు నుంచే వస్తుంది కాబట్టి ఊళ్ల మీదుగా రానక్కర్లేదు, అది పెద్ద వెసులుబాటు. పేలోడ్ కోత పడుతుంది నిజమే, 30 టన్నుల రాకెట్‌కి 30 టన్నుల ఉపగ్రహాలు వరస కట్టి నిలబడి లేవు కదా. స్పేస్‌ఎక్స్ కూడా మొదట గెలిచింది నేల మీదే, 2015 డిసెంబర్‌లో. ఓడ మీద గెలిచింది నాలుగు నెలల తర్వాత.

హైదరాబాద్ స్కైరూట్ విక్రమ్-1 లాంటి చిన్న రాకెట్లకి ఈ గొడవే వద్దు. కింది స్టేజీలు ఘన ఇంధనం, మోసేది కొద్ది వందల కిలోలు. ముందు వరసగా పది ప్రయోగాలు సరిగ్గా చేసి చూపించడమే వాళ్లకి లాభం, రీయూజ్ కావాలంటే అది ద్రవ ఇంధనంతో వచ్చే పెద్ద రాకెట్‌లో, గీత మొదటి రోజు నుంచే.

ఇక ప్రాజెక్ట్ కోసం వచ్చే బ్యాచులకి: ఈసారి వచ్చేటప్పుడు బొమ్మ తేకండి. ఏడాదికి ఎన్ని ప్రయోగాలు, విడిపోయే వేగం, ఖాళీ బరువు, ఒక్క ఇంజిన్ అతి తక్కువ తోపు, ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసుకుని రండి. చివరి రెండింటిలో తోపు పెద్దదైతే ఎన్ని రెట్లో కూడా లెక్కేసుకోండి, రెండు రెట్లు దాటితే ఇంజిన్ మార్చుకునే రండి.